ఆశ పడతం, కల కంటం: ఆకాంక్షకూ విజన్‌కూ తేడా ఏంది?

మొన్న ఒక చెల్లె అడిగిన ప్రశ్నకు కిందనే జవాబు రాద్దామని మొదలుపెట్టిన గని అది పెరిగిపోయింది, అందుకే విడిగ పెడుతున్న. హనుమకొండల ఒక ట్రస్టు బోర్డును ఆమె తెలుగు చేస్తున్నదట. ఇంగ్లీషుల ఒక చోట ఆస్పిరేషన్ అని, ఇంకో చోట విజన్ అని ఉన్నది, ఎవర్ని అడిగినా రెండిటికీ ఆశయం అనే చెప్తున్నరు, రెండు చోట్లా అదే రాస్తే తప్పా అని అడిగింది.

తప్పే అంట నేను. ఆ రెండూ ఒకటి కాదు, ఆశయం అయితే ఆ రెండిట్ల ఏదీ కాదు.

నిఘంటువు పక్కకు పెట్టి మన ఇండ్లల్ల మాట్లాడే మాటనే చూద్దాం. తెలుగుల ఒక మాట సంగతి తెలవాలంటే అది ఏ క్రియను ఎంబడి పెట్టుకొని తిరుగుతదో చూడాలె. ఆశ పడతం. భయపడతం, బాధపడతం, సిగ్గుపడతం, ఆశ కూడా వాటి వరుసల్నే ఉన్నది, అంటే అది మన మీదికి వచ్చేది, మనం పడేది. కల మాత్రం పడం, కంటం. కను అంటే చూసుడు, కన్ను, కనపడు, కనిపెట్టు అన్నీ ఆ కుటుంబమే. కండ్లు మూసుకున్నంక వచ్చేదాన్ని కూడా మన పెద్దలు చూపు కిందనే లెక్కేసిండ్రు, నాకు ఇది ఎప్పుడు తల్సుకున్నా ముచ్చటేస్తది. ఆస్పిరేషన్ ఆ పడే దిక్కు మాట, విజన్ ఈ కనే దిక్కు మాట. ఇంగ్లీషుల కూడా మొదటిదాని మూలంల ఊపిరి ఉన్నది (ఖ, ఘ లాంటి మన మహాప్రాణాలను వాళ్లు పిలిచేది కూడా ఆ మాటతోనే), రెండోదాని మూలంల చూపు ఉన్నది.

ఇగ ఆకాంక్ష. దీన్ని మనం పెద్ద కోరిక అన్నట్టు వాడుతున్నం గని తర్కశాస్త్రంల దీనికి ఒక పని ఉన్నది. వాక్యానికి అర్థం రావాలంటే ఆకాంక్ష, యోగ్యత (మాటల అర్థాలు ఒకదానికొకటి పొసగుడు), సన్నిధి (మాటలు ఎడం లేకుండ ఎంబడెంబడే వచ్చుడు) అని మూడు కావాలంటరు. "నేను పాకాలకు" అని ఆపిన అనుకో, వినేటోడు పోయినవా, పోతున్నవా, ఏమైందని నా మొఖం దిక్కే చూస్తడు. ఒక మాట ఇంకో మాట కోసం అట్ల ఎదురుచూసుడే ఆకాంక్ష. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగ చెప్తే ఒకదానికొకటి అక్కర లేదు, అందుకే అది వాక్యం కాదు. "నిప్పుతో తడుపు" అంటే ఆకాంక్ష ఉన్నది, యోగ్యత లేదు. అంటే ఆకాంక్షల అసలున్నది వెలితి. ఏదో ఒకటి తక్కువైందనే ఎరుక, అది నిండేదాక ఆగకపోవుడు.

మన దగ్గర ఈ మాట ఎట్ల బతికిందో యాది చేసుకోండ్రి. ప్రత్యేక రాష్ట్ర ఆకాంక్ష, ప్రజల ఆకాంక్ష అని ఎన్ని సభలల్ల విన్నం, ఎన్ని గోడల మీద చదివినం! ప్రజల విజన్ అని, దార్శనికత అని ఎవరన్నా అన్నరా? అనలే, ఎందుకంటే వెలితి అందరిది. దాన్ని ముందుగాల చూసి, దానికి లెక్కలు కట్టి, ఇట్లయితది అని చెప్పేటోళ్లు మాత్రం కొందరే ఉంటరు. జయశంకర్ సార్‌ను మనం తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త అన్నం. సార్ 2011 జూన్ 21న పోయిండ్రు, రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. కండ్లతోటి చూడకముందే చూసుడు అంటే అది.

ఇక్కడనే ఇంకో సంగతి, చాలా రోజుల సంది నన్ను గుచ్చుతున్నది. ఎనకబడ్డ జిల్లాల కోసం 2018ల కేంద్రం మొదలుపెట్టిన ఆస్పిరేషనల్ డిస్ట్రిక్ట్స్ పథకంల మన భూపాలపల్లి, ఆసిఫాబాద్ కూడా ఉన్నయ్, పేపర్లల్ల వాటిని ఆకాంక్షిత జిల్లాలు అని రాస్తరు. ఆకాంక్షిత అంటే ఎవరో కోరుకున్నది అని అర్థం, లిఖిత అంటే రాయబడినది అన్నట్టే. జిల్లా కోరుతున్నది కదా, జిల్లాను ఎవరో కోరుతలేరు కదా! హిందీల ఆకాంక్షీ అని సక్కగనే పెట్టుకున్నరు. మనం ఎదుగుతున్న జిల్లాలు అన్నా సరిపోయేది.

విజన్‌కు ఇప్పుడు అందరు దార్శనికత అని రాస్తున్నరు. మాట మంచిదే, దర్శనంల నుంచి వచ్చింది, షడ్దర్శనాలు అన్నప్పటి బరువు దానికి ఉన్నది. గని ఒక చిక్కు. "నా ఆకాంక్ష" అని ఎవరైనా అనుకోవచ్చు, వినసొంపుగనే ఉంటది. "నా దార్శనికత" అని అనుకుంటే మాత్రం చెవికి గీరినట్టయితది. అది ఎదుటోళ్లు మన గురించి అనాల్సిన మాట. బోర్డు మీద "మా దార్శనికత" అని రాస్తే మా గొప్పతనం అని రాసుకున్నట్టే. దూరదృష్టి అందామా అంటే అదీ అంతే, పైగా దీర్ఘదృష్టి అని పొరపాటున రాస్తే అది కంటి జబ్బు, దూరంవి కనపడి దగ్గరివి మసకబారేది. ఉట్టి దృష్టి అంటే ఇంట్ల అమ్మ దిష్టి తీస్తది, ఆ దిష్టి కూడా దృష్టిల నుంచి వచ్చిందే.

నాకు నచ్చేది ముందుచూపు. దీన్ని తల్సుకుంటే పాకాల చెరువే కండ్లల్ల మెదుల్తది. మా అమ్మమ్మోళ్లది నర్సంపేట దిక్కు, అక్కడ మా తాత పొలం ఆ ఆయకట్టు కిందనే ఉండేది. గణపతిదేవుని కాలంల, అంటే సుమారు 800 ఏండ్ల కింద, గుట్టల నడుమ వాగుకు అడ్డంగ కట్ట పోసిండ్రు. నీళ్లు కావాలె అనేది అప్పటి రైతులందరికీ ఉన్నదే, అది ఆకాంక్ష. ఈ గుట్టకూ ఆ గుట్టకూ నడుమ కట్ట పోస్తే నీళ్లు ఎంతదాక నిలుస్తయ్, తూము ఎక్కడ పెట్టాలె, వాన ఎక్కువైతే మత్తడి ఏ దిక్కు దుంకాలె అని ఉత్త వాగును చూసుకుంట చెరువును చూసిన మనిషిది ముందుచూపు. ఆ మనిషి నీళ్లకు ఆశపడ్డడో లేదో తెల్వది గని చెరువునైతే కన్నడు.

ఇగ ఆశయం. ఆశకు కొంచెం పెద్ద రూపం ఆశయం అనుకుంటరు చానామంది, కాదు. జలాశయం, గర్భాశయం, మూత్రాశయం అంటం కదా, అదే ఇది, ఒకటి నిలిచి ఉండే చోటు. మనసుల తావు చేసుకొని కదలకుండ ఉన్నది ఆశయం. అందుకే అమరుల ఆశయాలు అంటం గని అమరుల ఆకాంక్ష అంటే కొంచెం తక్కువైనట్టు ఉంటది. మనిషి పోయినా నిలిచి ఉంటది కాబట్టి.

అయితే చెల్లె, బోర్డు మీద ఆస్పిరేషన్ ఉన్న కాడ "మా ఆకాంక్ష" అని పెట్టు. విజన్ కాడ "మేం కంటున్న కల" అని రాయి, వాళ్లకు అది మరీ ఇంటి మాట అనిపిస్తే "మా ముందుచూపు" అయినా మంచిదే, దార్శనికత అంత గొప్ప చెప్పుకున్నట్టు ఉండదు. ఆశయాన్ని ఆ రెండు చోట్ల వాడకు. ట్రస్టు పెట్టిన పెద్దమనిషి గురించి ఒక ముక్క రాయాల్సొస్తే అక్కడికి అట్టిపెట్టు.

ఆదిలాబాద్, కరీంనగర్ దిక్కోళ్లు ఎవరన్నా ఉంటే ఒకటి చెప్పండ్రి, ముందుచూపు ఉన్న మనిషిని మీ ఊళ్లె ఏమంటరు? మా అమ్మమ్మ "ఎనకా ముందు చూసే మనిషి" అనేది, ముందుతోపాటు ఎనక కూడా ఎందుకు కలిపిందో అప్పుడు అడగలే.