పిల్లలకు రేడియో కిట్: చిప్ బోర్డా, ట్రాన్సిస్టర్ కిట్టా?

విజయనగరం టీచర్: మా తొమ్మిదో తరగతి పిల్లల చేత రేడియో తయారు చేయించాలనుకుంటున్నాను. ఎస్‌ఐ4732 అనే రేడియో చిప్, దాన్ని నడిపే ఆర్డ్యునో (ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న కంప్యూటర్ బోర్డు), చిన్న డిస్‌ప్లే ఉన్న కిట్ తెప్పిద్దామంటే మా ఫిజిక్స్ మాస్టారు ఒప్పుకోవడం లేదు. వైర్లు కలపడం రేడియో కట్టడం కాదు, విడి ట్రాన్సిస్టర్లతో కట్టే కిట్టే మేలంటారు. మీరేమంటారు?

నాగావళి గట్టు: మాస్టారిదే నా మాట కూడా. ట్రాన్సిస్టర్ కిట్‌లో విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్ పెడితే, లోపల రేడియో సొంత సిగ్నల్ పుట్టించే ఆసిలేటర్ 1382 మీద ఉంటుంది. తేడా 455, దాన్నే ఐఎఫ్ అంటారు. ఏ స్టేషన్ పెట్టినా ఆ తేడా మారదు. ఐఎఫ్ కాయిల్ స్క్రూ కాస్త తిప్పగానే శబ్దం పెరగడం పిల్లలు చెవులారా వింటారు. చిప్‌లో ఇదంతా మూసేసి ఉంటుంది. పైగా డిజిటల్ కిట్ అని అమ్ముతున్నారు గానీ, ఆకాశవాణి డీఆర్‌ఎం (డిజిటల్ రేడియో) ప్రసారాలను ఆ చిప్ డీకోడ్ చేయలేదు.

పలాస కుర్రాడు: డీఆర్‌ఎం సంగతి నిజమే అన్నా. కానీ చిప్‌తో చదువు రాదంటే ఒప్పుకోను. సిగ్నల్‌ని అంకెలుగా మార్చాక ఫిల్టర్ పని కూడా లెక్కలతోనే జరుగుతుంది. కోడ్‌లో ఫిల్టర్ వెడల్పు 6 కిలోహెర్ట్జ్ నుంచి 2కి తగ్గిస్తే పక్క స్టేషన్ గోల తగ్గుతుంది, మాట మొద్దుబారుతుంది. ట్రాన్సిస్టర్ కిట్‌లో ఇది అప్పటికప్పుడు మార్చి చూపించగలమా? ఇంకోటి. అమెరికా లెక్కన రాసిన ప్రోగ్రామ్ 10 కిలోహెర్ట్జ్ చొప్పున జరుగుతుంది, మన మీడియం వేవ్‌లో ఎడం 9. 920 నుంచి నేరుగా 930కి పోతే 927 మీద ఆగేదెప్పుడు? కారణం పిల్లలే వెతికి 10ని 9 చేసి, మొదలయ్యే అంకెను 531కి మారిస్తే అది చదువు కాదా?

సోంపేట కోడలు: తమ్ముడూ, నేను వేరే సంగతి అడుగుతాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లూ మూగబోయాయి. అలాంటప్పుడు సెల్స్‌తో ఎక్కువ కాలం నడిచే రేడియో కావాలి. ఆర్డ్యునో, డిస్‌ప్లే రెండూ కరెంటు తినేవే. ఆ పదహారు కాళ్ల బుల్లి చిప్ పోతే మార్చేదెవరు? పిల్లలు తుఫాను జిల్లాలో పెరుగుతున్నారు, రిపేరు నేర్పండి.

పలాస కుర్రాడు: అక్కా, రిపేరు విషయంలో మీరన్నది కాదనలేను. టీచర్ గారూ, చిప్ బోర్డే తీసుకుంటే ఒక జాగ్రత్త. ఆర్డ్యునో యూనో 5 వోల్టులది, చిప్‌కి వెళ్లే సిగ్నల్ లైన్లు 3.3 దగ్గర ఉండాలి. మధ్యలో వోల్టేజీ తగ్గించే లెవెల్ కన్వర్టర్ లేకుండా కలపకండి. యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ రాడ్ మీద కాయిల్ మాత్రం పిల్లల చేతే చుట్టించండి, దాని ఇండక్టెన్స్ (కాయిల్ కొలత) 180 నుంచి 450 మైక్రోహెన్రీలలోపు రావాలి. రాడ్ కొన విశాఖ వైపు, అంటే నైరుతికి పెడితే శబ్దం పడిపోతుంది, అడ్డంగా తిప్పితే పెరుగుతుంది.

నాగావళి గట్టు: కాయిల్ పిల్లలు చుడితే నా అభ్యంతరం సగం పోయినట్టే. అయినా తొమ్మిదో తరగతికి ట్రాన్సిస్టర్లే ముందు, కోడ్ పదిలో పెట్టుకోండి.

విజయనగరం టీచర్: పదిలో పరీక్షల టెన్షన్‌తో మాకు ఒక్క పీరియడ్ కూడా దొరకదండీ. ఏది నేర్పినా ఈ ఏడాదే.