సముద్రపు అడుగున ఉన్నది ఒండ్రా, ధూళా?

ప్రశ్న: సముద్రగర్భంలో పేరుకొన్న ధూళిని బట్టి ఉష్ణమండలపు వానపట్టీ (భూమధ్యరేఖ దగ్గర భూమిని చుట్టి ఉండే, వానలు ఎక్కువగా కురిసే పట్టీ) పూర్వం ఎక్కడెక్కడ ఉండేదో తెలుసుకొనే పద్ధతిపై తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. నీటి అడుగున పేరిన పదార్థానికి వాడే ‘అవక్షేపం’ మరీ పాఠ్యపుస్తకపు మాటలా అనిపించి అంతటా ‘ఒండ్రు’ అని వాడాను. సరైనదేనా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: ఈ వ్యాసంలో మాత్రం ఒండ్రును అంతటా వాడవద్దని నా విన్నపం. ఒండ్రు నీరు తెచ్చి వదిలిన మెత్తని మట్టి, ధూళి గాలి మోసుకొచ్చినది. మామూలు రచనలో ఈ తేడాను అంతగా పట్టించుకోనక్కరలేదు గాని, ఇక్కడ శాస్త్రజ్ఞుల తర్కమంతా దానిమీదే నిలబడి ఉంది. నది ఒండ్రు ఎక్కువ తెచ్చిందంటే ఆ నదీ ప్రాంతంలో వానలు బాగా కురిశాయని ఊహిస్తారు. గాలి ధూళి ఎక్కువ తెచ్చిందంటే చాలా సందర్భాల్లో దానికి పూర్తిగా విరుద్ధమైన అర్థం వస్తుంది.

రెండు ఉదాహరణలు చూడండి. వెనెజువేలా తీరానికి ఆవల ఉన్న కరియాకో అనే సముద్రపు లోతట్టులోని మట్టి పొరల్లో ఉన్న టైటానియం అనే లోహం ప్రధానంగా నదులు చేర్చినది. సుమారు 12,900 నుంచి 11,700 ఏళ్ల క్రితం నాటి యంగర్ డ్రయాస్ అనే శీతల దశలో అది తగ్గిపోవడాన్ని గమనించి, ఆ కాలంలో అక్కడ వానలు తగ్గి వానపట్టీ దక్షిణానికి జరిగిందని శాస్త్రజ్ఞుడు హౌగ్ బృందం 2001లో వివరించింది. పశ్చిమ ఆఫ్రికాలోని మారిటేనియా తీరం దగ్గరి సముద్రగర్భంలో ఉన్నది సహారా నుంచి గాలికి వచ్చిన ధూళి. అది సుమారు 14,800 నుంచి 5,500 ఏళ్ల క్రితం వరకు తక్కువగా ఉండటాన్ని బట్టి, అప్పట్లో సహారా పచ్చగా, తడిగా ఉండేదని డెమెనోకల్ బృందం 2000లో చూపింది. రెండు చోట్లా ‘ఒండ్రు తగ్గింది’ అని రాస్తే, ఒకచోటి వానలేమి, మరొకచోటి వానల సమృద్ధి ఒకే వాక్యంలో కలిసిపోయి, పాఠకుడు రెండో ముగింపును తలకిందులుగా అర్థం చేసుకొంటాడు.

మధ్య పసిఫిక్‌లో వ్యవహారం ఇంకా సూక్ష్మం. అక్కడ వానపట్టీయే గాలిలోని ధూళిని కడిగి సముద్రంలో దించేస్తుంది కనుక, ఉత్తరార్ధగోళపు ధూళి దానిని దాటి దక్షిణానికి పోవడం కష్టం. అందుచేత భూమధ్యరేఖకు అడ్డంగా ఉత్తర దక్షిణాలుగా ఉన్న పలు స్థలాల మట్టిని తీసి, నేల ధూళితో వచ్చే థోరియం-232ను బట్టి ధూళి ఎంత ఉందో, సముద్రజలంలోని యురేనియం నుంచి నిలకడగా పుట్టే థోరియం-230ను బట్టి మట్టి ఎంత వేగంగా పేరుకొందో లెక్కగట్టి, నియోడిమియం అనే మూలకపు ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తులతో ఆ ధూళి ఆసియాదా, దక్షిణ అమెరికాదా అని తేలుస్తారు; ఆ రెండూ విడిపోయే చోటును బట్టి వానపట్టీ ఎక్కడ ఉండేదో ఊహిస్తారు. ఈ భాగంలో ‘ధూళి’ తప్ప మరో మాట కుదరదు. గాలి తెచ్చినది, నీరు తెచ్చినది, సూక్ష్మజీవుల గుల్లలు అన్నీ కలిసిన మొత్తానికి ‘అవక్షేపం’ ఉంచండి; కాస్త సరళంగా కావాలంటే ‘అడుగున పేరిన మట్టి’ అనవచ్చు.

ప్రశ్న: ‘అంతర ఉష్ణమండల అభిసరణ మండలం’ అనే పొడుగు పేరు బదులు వానపట్టీ అన్నాను. దానికీ అభ్యంతరముందా?

జవాబు: లేదు, అందమైన మాటే. అయితే పొడుగు పేరులో ఉన్న కారణం, అంటే రెండు అర్ధగోళాల వ్యాపార పవనాలు ఒకదానికొకటి ఎదురై కలవడం, పొట్టి పేరులో లేదు కనుక మొదటిసారి రెండింటినీ కలిపి చెప్పండి. ‘వానపట్టీ మార్పు’ అని ఊరుకోవద్దు. పట్టీ ఒకవైపుకు జరగవచ్చు, వెడల్పు కావచ్చు, ఉన్నచోటే బలహీనపడవచ్చు. ఒక్క స్థలపు ధూళిని చూసి ఈ మూడింటినీ వేరుచేయడం సాధ్యం కాదు. ఏది జరిగిందని మూలంలో ఉందో ఆ క్రియనే వాడండి.