9 ఎంఎం లార్గో, 9 ఎంఎం పారాబెల్లమ్: రెండూ తొమ్మిదే అయితే తేడా ఎక్కడ?

ఎస్వీయూ_చరిత్ర (తిరుపతి):
నమస్కారం. స్పెయిన్ అంతర్యుద్ధం మీద పరిశోధన చేస్తున్నాను. ఆస్ట్రా 400 పిస్తోలు గురించి ఒక పేజీ రాయాల్సి వచ్చింది. 1921లో స్పెయిన్ సైన్యం తీసుకున్నది, తూటా 9 ఎంఎం లార్గో. పారాబెల్లమ్ అనేది ఇంకో రకం 9 ఎంఎం తూటా. "ఏ 9 ఎంఎం తూటా వేసినా పేలుతుంది" అని చాలాచోట్ల చదివి, నేనూ అలాగే రాశాను. మా గైడ్ గారు దాని కింద ఎర్రగీత గీసి "ఎలా?" అని అడిగారు. రెండు రోజులుగా అక్కడే ఆగిపోయాను, టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు_గ్రీమ్స్‌పేట:
లార్గో అంటే స్పానిష్‌లో పొడుగు అని. అసలు అది జర్మనీ బెర్గ్‌మాన్ పిస్తోలు తూటా. 1905లో స్పెయిన్ ఆ పిస్తోలును ఎంచుకుంది, చివరికి బెల్జియంలో పీపర్ వాళ్లు చేసిచ్చారు. తర్వాత కాంపో-గీరో, ఆపైన ఆస్ట్రా వచ్చాయి. పిస్తోళ్లు మారినా తూటా మారలేదు.

శెట్టిపల్లి_ఫిట్టర్:
నాయనా, నేను ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. తుపాకీ ఎప్పుడూ ముట్టలేదు గానీ, ఇది కొలతల సంగతి. నీ ప్రశ్న చూసి నిన్న సాయంత్రం వేపపుల్లను వెర్నియర్ పెట్టి రెండు ముక్కలు కోశాను. ఒకటి 23 మిల్లీమీటర్లు, ఇంకొకటి 19. లార్గో, పారాబెల్లమ్ తూటాల్లో మందు ఉండే ఇత్తడి గొట్టాల పొడవు అంతే. అడుగు మూసిన 23 మిల్లీమీటర్ల గొట్టంలో వేస్తే పొడుగు ముక్క అంచుకు సమంగా నిలిచింది. పొట్టిది లోపలికి దిగిపోయింది. గోరు పెడితే 4 మిల్లీమీటర్ల గుంట తెలిసింది.

పిస్తోలులోనూ అంతే. లార్గో ఇత్తడి గొట్టం మూతి, తూటా కూర్చునే గది చివరి మెట్టుకు ఆని ఆగాలి, వెనక ముఖం దాన్ని కొట్టి పేల్చే పిన్నుకు దగ్గరగా ఉండాలి. పొట్టి తూటాకు ఆ మెట్టు అందదు. దాన్ని వెనక నుంచి పట్టుకునేది, పేలిన గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం ఒక్కటే. అలా పేలితే పేలవచ్చు, దాన్ని ఫిట్ అని మాత్రం నేను అనను. అంత బాగా సరిపోయేదైతే, జర్మనీ వాళ్ల కోసం ఆస్ట్రా 400 చేసిన కంపెనీయే పారాబెల్లమ్‌కి విడిగా ఆస్ట్రా 600 ఎందుకు చేసింది? మీ గైడ్ గారికి ఈ మాట చెప్పు.

అడగకపోయినా ఇంకొకటి చెప్తాను, నన్ను చాలా బాధపెట్టిన విషయం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ రూబీ పిస్తోళ్లు అడిగింది, 7.65 ఎంఎంవి. మొదట నెలకు 10,000, తర్వాత ఇంకా ఎక్కువ. అన్ని చేయలేక, రూబీ చేసే స్పెయిన్ కంపెనీ గాబిలోండో వాళ్లు అక్కడి తుపాకుల ఊరు ఎయిబార్ చుట్టుపక్కల వర్క్‌షాపులకు పంచారు. ఒకరి మ్యాగజైన్ ఇంకొకరి పిస్తోలులో కూర్చునేది కాదు. చివరికి ఎవరు చేసిందో తెలిసేలా అక్షరాలు గుద్దాల్సి వచ్చింది. అందరికీ ఒకే గేజ్ ఇచ్చి ఉంటే ఆ సిపాయిలకు కందకంలో అంత అవస్థ ఉండేది కాదు.

ఎస్వీయూ_చరిత్ర (తిరుపతి):
చాలా థాంక్స్ సార్. ఆ వాక్యం కొట్టేసి 23, 19 లెక్క రాశాను. రేపు గైడ్ గారికి చూపించడానికి నేనూ పుల్లలు కోసుకుని వెళ్తాను.

శెట్టిపల్లి_ఫిట్టర్:
వేపపుల్ల బాగా ఎండినది తీసుకో నాయనా. పచ్చిదైతే ఎండేకొద్దీ లావు తగ్గుతుంది.