నల్గొండ: ఇంటి పక్క చిన్న సర్కారు బడా, ఆటోలో పోయే పెద్ద బడా?

మిర్యాలగూడ నుంచి వస్తున్నోళ్లం:
అందరికీ నమస్తే. ఏప్రిల్ చివర్లో మిర్యాలగూడ ఖాళీ చేసి నల్గొండ వస్తున్నాం, రామగిరి వైపు ఇల్లు కిరాయికి మాట్లాడుకున్నాం. జూన్‌లో బాబు 8వ తరగతికి, పాప 3వ తరగతికి వస్తారు. ఫీజులు, వ్యాన్, బుక్కులు అని ప్రైవేటుకు కట్టి కట్టి ఇక మాతో కాక ఈసారి సర్కారు బడిలోనే వేద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం (మా అత్తమ్మకు ఇంకా చెప్పలేదు). మొన్న ఒక ఆదివారం వచ్చి మూడు బడులు బయటి నుంచి చూసి, చుట్టుపక్కల వాళ్లను అడిగాం. ఇంటికి నాలుగడుగుల దూరంలో ప్రైమరీ ఉంది, గోడలకు బొమ్మలేసి ముద్దుగా ఉంది, పిల్లలు 40 మంది లోపే, టీచర్లు ఇద్దరు. తక్కువ మందే కదా, పాపను బాగా పట్టించుకుంటారనిపించింది. రెండోదానికి ఆటోలో పోవాలి, 130 మంది దాకా ఉన్నారట, గోడలు పెచ్చులూడి ఉన్నాయి. మూడోది బాబు కోసం హైస్కూలు, అందులో ఏం చూడాలో కూడా తెలియక గ్రౌండ్ చూసి వచ్చేశాం. ఇంకో టెన్షన్, ఇప్పుడున్న ప్రైవేటు బడి వాళ్లు టీసీకి తిప్పుతున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సుద్దముక్క:
అమ్మా, నేను ఈ జిల్లాలోనే ఎస్‌జీటీని, అంటే ప్రైమరీ బడి టీచర్‌ని. తక్కువ మంది ఉంటే బాగా పట్టించుకుంటారు అనేది ప్రైవేటు బడి లెక్క, మా దగ్గర అది తిరగబడుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లే, 61 నుంచి 90కి ముగ్గురు, 120 వరకు నలుగురు, ఆపైన 200 వరకు ఐదుగురు. అంటే మీ పక్క బడిలో ఇద్దరు ఐదు తరగతులు చెప్పాలి. మీ పాపకు లెక్కలు చెప్తున్నప్పుడే అదే గదిలో ఇంకో మూల ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు దిద్దుతుంటారు. ఇద్దరిలో ఒకరు ట్రైనింగ్‌కో ఓటరు లిస్టు పనికో పోతే, ఇక ఆ రోజు చదువు గురించి నన్ను అడగకండి, నేనూ అలాంటి రోజులు చాలా గడిపాను. 130 మంది ఉన్న బడిలో లెక్క ప్రకారం తరగతికొక టీచర్ పడతారు. లెక్క ప్రకారం అన్నాను, గమనించండి. కాగితం మీద ఐదుగురుండి ఒకరు డిప్యుటేషన్ మీద ఇంకో బడిలో ఉండొచ్చు. అందుకే ఆదివారం కాదు, పని దినం పదకొండింటికి పోయి ఎన్ని తరగతుల్లో టీచర్ ఉన్నారో చూడండి. మార్చి సగం దాటితే ఒంటిపూట బడులు, ఈలోపే పోండి. గోడల సంగతి వదిలేయండి, రంగులు దాతలెవరైనా వేయిస్తారు. స్లాబు మాత్రం కురుస్తుందో లేదో అడగండి.

పానగల్ రోడ్డు నాన్న:
సార్ చెప్పింది నిజమే గానీ ఆటో సంగతి కూడా చెప్పాలి. మా బిడ్డను కూడా రెండో తరగతిలో దూరం బడికే వేశాను, ఆటో అతను ఎనిమిది మందిని ఎక్కిస్తాడు, వాన పడితే రాడు, నెలకు నాలుగైదు రోజులు బడి పోయేది. మళ్లీ ఇంటి దగ్గరి చిన్న బడికే మార్చాను. అక్కడున్న మేడమ్ పుణ్యమా అని చదవడం గడగడా వచ్చింది, పెద్ద పిల్లలు చదువుతుంటే విని నేర్చుకుంది. లెక్కల్లో మాత్రం వెనకబడింది, భాగహారం నేనే రాత్రిళ్లు కూర్చుని చెప్పాల్సి వచ్చింది. ఇంకొకటి, మన నల్గొండలో బడికి పోతే ముందు నీళ్లు చూడండి. మిషన్ భగీరథ నల్లా వస్తుందా, బోరు నీళ్లే తాగిస్తున్నారా అని. ఫ్లోరైడ్ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

పాత విద్యార్థి:
అక్కా, హైస్కూలుకు ఇదే లెక్క వేరేలా ఉంటుంది. మొత్తం టీచర్లు ఎందరని కాదు, ఏ సబ్జెక్టుకు లేరని అడగండి. లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్, ఇంగ్లిష్, తెలుగు, హిందీ, ఒక్కొక్కటి పేరు పెట్టి అడగండి. నేను చదివిన బడిలో తొమ్మిదో తరగతి సగం ఫిజికల్ సైన్స్ సార్ లేకుండానే గడిచింది, పదిలో దాని బాధ తెలిసింది. మీడియం గురించి భయం వద్దు, 2022-23లో 1 నుంచి 8 దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది.
బాబు ఎనిమిదికి వస్తున్నాడు కాబట్టి ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాయించండి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ప్రైవేటు బడి పిల్లలకు ఉండదు, పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్. ఆ బడి నుంచి ఎంతమందితో రాయిస్తున్నారో అడిగితే సార్లు ఎట్లాంటివాళ్లో మీకే తెలిసిపోతుంది.
టీసీ గురించి టెన్షన్ పడకండి. ఎనిమిది వరకు టీసీ ఆలస్యమైందని సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు, అది విద్యాహక్కు చట్టంలోనే ఉంది.

మిర్యాలగూడ నుంచి వస్తున్నోళ్లం:
అందరికీ థాంక్స్. నిన్న గురువారం పదకొండింటికి పోయాం. పక్క బడిలో ఒక్క మేడమే ఉన్నారు, పాపం అందరినీ వరండాలో కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తున్నారు, ఇంకొకరు మీటింగ్‌కు పోయారట. పెద్ద బడిలో ఐదుగురికి నలుగురున్నారు, మూడో తరగతి మేడమ్ పాపతో పాఠం చదివించి చూశారు కూడా. నల్లా నీళ్లే. హైస్కూల్లో హిందీ పోస్టు ఒక్కటే ఖాళీ. పాపకు పెద్ద బడే అనుకుంటున్నాం, పానగల్ రోడ్డు అన్న చెప్పిన ఆటో భయం మాత్రం అట్లాగే ఉంది. రామగిరి వైపు నుంచి ఐదారుగురికి మించి ఎక్కించుకోని ఆటో అన్న ఎవరైనా తెలిస్తే చెప్పండి.