మొదటిసారి చక్రం పడవ ఎక్కబోతున్నాం: న్యూ ఆర్లీన్స్‌లో నాచెజ్ ఎక్కినవాళ్ళు చెప్పండి

కూకట్‌పల్లి అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మార్చిలో హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. నేను, మా వారు, మా అత్తయ్య. అల్లుడు మమ్మల్ని కారులో న్యూ ఆర్లీన్స్ తీసుకెళ్తానంటున్నాడు. అక్కడ మిసిసిపీ నది మీద నాచెజ్ అని చక్రం పడవ ఉందట. రెండు గంటలు తిప్పి తెస్తారట. ఫొటోలో తెల్లగా, అంతస్తులతో, వెనక ఎర్రటి చక్రంతో ముచ్చటగా ఉంది.

ఇంతవరకు మేం ఎక్కింది హుస్సేన్ సాగర్ పడవే. లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి దగ్గరికి వెళ్ళి రావడమే. ఇదీ అలాగే ఫొటోలు దిగి వచ్చేదేనా, లేక చూడాల్సింది ఏమైనా ఉందా? అత్తయ్యకి డెబ్భై ఒకటి, మోకాళ్ళ నొప్పులు. పైగా 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది కదా, అది టీవీలో చూసిన దగ్గర్నుంచి ఆవిడకి నీళ్ళంటేనే టెన్షన్. పాపికొండలు వెళ్దామంటే రానన్నారు. ఆవిడని ఒక్కరినీ హోటల్లో వదిలేసి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. మేం శాకాహారులం. వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.

తార్నాక, రిటైర్డ్ రైల్వే

అమ్మా, తప్పకుండా వెళ్ళండి. కిందటేడు అక్టోబరులో మా అబ్బాయి నన్నూ మా ఆవిడనీ తీసుకెళ్ళాడు. నది మీద పెద్ద పడవ ఎక్కడం నాకదే మొదటిసారి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ డ్యూటీలతోనే సరిపోయింది, పాపికొండలు కూడా చూడలేదు.

నేను రైల్వేలో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే పనిలో చేరాను. బొగ్గు ఇంజన్ల చివరి రోజులవి. తర్వాత డీజిల్, ఆ తర్వాత కరెంటు. అందుకే నా మాటల్లో నదికంటే ఇంజన్ ఎక్కువ కనిపిస్తుంది.

ముందు ఊరి సంగతి. న్యూ ఆర్లీన్స్ వీధుల్లోంచి చూస్తే నది కనపడదు. ఊరికీ నీళ్ళకీ మధ్య మన కోనసీమలో లాగే ఏటిగట్టు ఉంటుంది. గట్టెక్కితే ఒక్కసారిగా ఎదురుగా నది. నీళ్ళు ఎర్రగా, బురదగా, వరదకొచ్చిన గోదావరిలా ఉన్నాయి. రాజమండ్రి దగ్గర గోదావరి ఉన్నంత వెడల్పు లేదు, లోతు మాత్రం విపరీతం. ఊరి మధ్య నది వంపు తిరిగే చోట దాదాపు 200 అడుగులట. పేద్ద సముద్రపు ఓడలు ఊరి ముందు నుంచే పోతుంటే మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

ఎక్కే ముందు పడవ పైకప్పు మీద ఒకావిడ ఆవిరి ఈలలు వాయించింది. కాలియోపీ అంటారు. హార్మోనియానికి ఉన్నట్టు మెట్లుంటాయి, ఒక్కో మెట్టు నొక్కితే ఒక్కో ఈలలోంచి తెల్లటి ఆవిరి చిమ్ముతుంది. మొత్తం 32 స్వరాలు. ఆవిరి వేడి ఒకేలా ఉండదు కాబట్టి శ్రుతి కొంచెం అటూ ఇటూ పోతుంది. చాలా గట్టిగా వినిపిస్తుంది, మీ అత్తయ్యగారికి ముందే చెప్పండి. అది వినాలంటే అరగంట ముందే గట్టు మీద ఉండాలి.

అసలు సంగతి ఇంజన్ గది. ప్రయాణికుల్ని లోపలికి రానిస్తారు. పడవని 1975లో కట్టారు, ఇంజన్లు మాత్రం 1925లో క్లేర్టన్ అనే ఇంకో పడవ కోసం చేసినవి. అంటే వందేళ్ళ ఇంజన్లు ఇవాళ కూడా పని చేస్తున్నాయి. బాయిలర్‌లో బొగ్గు వెయ్యరు, నూనెతో మండిస్తారు. తలుపు దాటగానే వేడి నూనె, తడి ఆవిరి కలిసిన వాసన మొహానికి కొట్టింది. ముప్పై ఏళ్ళ పైమాట నేను ఆ వాసన చూసి. అక్కడే నిలబడిపోయాను.

లోకో ఇంజన్‌లా చుక్ చుక్ అంటుందని చెవులు రిక్కించాను. ఆ చప్పుడే లేదు. మా ఇంజన్లలో పని చేసిన ఆవిరిని పొగగొట్టంలోకి వదిలేవాళ్ళం, ఆ ఊపుకి పొయ్యి రాజుకునేది. ఇక్కడ ఆవిరి ముందు చిన్న సిలిండర్‌లో పని చేస్తుంది, అక్కడ్నుంచి పెద్ద సిలిండర్‌లోకి వెళ్ళి మళ్ళీ పని చేస్తుంది, చివరికి చల్లబడి నీరైపోతుంది. కమ్మరి తిత్తి నింపాదిగా ఊదినట్టు ఒక్కటే చప్పుడు. ఇంజన్లు రెండు, చక్రానికి అటొకటి, ఇటొకటి. ఒకవైపు రాడ్డు చివరికొచ్చి బలం చాలని చోట, రెండోవైపు రాడ్డు సగం దారిలో ఉండి లాగుతుంది. మా లోకోలో కూడా ఇదే లెక్క. నది మీద కూడా అదే లెక్క చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

చేతిలో నూనె డబ్బాతో ఒకాయన వచ్చాడు. వేళ్ళు వెనక్కి మడిచి, వేళ్ళ వెనక వైపు బేరింగ్ మీద ఆనించి వేడి చూశాడు. మేమూ సరిగ్గా అలాగే చూసేవాళ్ళం. అరచేతితో ఎప్పుడూ ముట్టుకోం, కాలితే పని ఆగిపోతుంది. మా అబ్బాయి నా గురించి చెబితే ఆయన నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. చేతికి నూనె అంటింది. సాయంత్రం దాకా కడుక్కోలేదు.

మీ అత్తయ్యగారి భయం గురించి. పడవ పొడవు 265 అడుగులు, అంటే దాదాపు నాలుగు రైలు పెట్టెలు. వెడల్పు 46 అడుగులు. ఉక్కుతో కట్టింది. కదిలినట్టే తెలియదు, మా ఆవిడ రెండు గంటల్లో ఒక్కసారి కూడా తల తిరుగుతోందని అనలేదు. కింద గదిలో కూర్చుని అద్దాల్లోంచి చూడొచ్చు. పై అంతస్తులకి మేం మెట్ల మీదే ఎక్కాం, మోకాళ్ళకి అది కష్టం. గాలి బాగా వీస్తుంది, శాలువా ఉంచుకోండి.

దారిలో చక్కెర ఫ్యాక్టరీ, 1815లో అమెరికావాళ్ళు ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం చేసిన చాల్‌మెట్ మైదానం చూపిస్తారు. ఒడ్డంతా ఎక్కువగా రేవులూ ఫ్యాక్టరీలే. పచ్చటి కొండలు ఉంటాయనుకుంటే నిరాశపడతారు. తిరుగు ప్రయాణంలో ఏటికి ఎదురెక్కుతుంది, అప్పుడు ఇంజన్ బరువు లాగడం కాళ్ళకి తెలుస్తుంది.

ధవళేశ్వరం మనవడు, ప్రస్తుతం మియాపూర్

బాబాయ్ గారూ, మీ ఇంజన్ గది చదువుతుంటే నేను కూడా లోపల నిలబడ్డట్టు ఉంది. ఏటిగట్టు మాట విని మా ఊరు గుర్తొచ్చింది.

పడవకి వెనక చక్రం ఎందుకంటే, అవి లోతు తక్కువ నదుల కోసం పుట్టినవి. అడుగు చదునుగా ఉంటుంది. అంత పెద్ద నాచెజ్ కూడా నీటిలో మునిగేది ఆరడుగులే. దుంగ తగిలి చక్రం పలక విరిగితే ఆ ఒక్క పలక మారిస్తే చాలు. మన గోదావరికి కూడా సరిగ్గా అలాంటివే కావాల్సింది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక, ఎగువన గోదావరి మీద మధ్య పరగణాల (అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్) దాకా పడవ దారి వెయ్యాలని పని మొదలైంది. ఖర్చు పెరిగిపోయి 1871లో ఆపేశారు. ఆ పనిలో కట్టిన ఆనకట్టే భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఉంది. ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా, ఇది పూర్తయి ఉంటే మనకీ ఇలాంటి పడవలు మిగిలేవేమో అనిపిస్తుంది.

అమెరికా రచయిత మార్క్ ట్వేన్ మొదట మిసిసిపీ మీద పడవ నడిపే పైలటే. ఆ పేరుకి అర్థం కూడా లోతే: రెండు బారలు, అంటే 12 అడుగులు, పడవకి ఢోకా లేదని. వాళ్ళు తాడు వేసి కొలిచేవాళ్ళు. మా తాతగారి హయాంలో మన సరంగులు గెడ వేసి చూసేవాళ్ళు.

మణికొండ, గతంలో హ్యూస్టన్

రెండే మాటలు. ఒకటి, చక్రం కనపడిన ప్రతి పడవా ఆవిరి పడవ కాదు. కొన్నిటికి లోపల డీజిల్ ఇంజనే ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు పడవ పేరు నాచెజ్ అని ఉందో లేదో చూసుకోండి. రెండు, ఆ ఊళ్ళో రాజ్మా అన్నంలా కనిపించే రెడ్ బీన్స్ అండ్ రైస్‌లో సాధారణంగా పంది మాంసం వేస్తారు. చూసి శాకాహారం అనుకోవద్దు. భోజనం లేని టికెట్ తీసుకుని, ముందే ఏదైనా తినేసి ఎక్కడం నయం. హ్యూస్టన్ నుంచి కారులో ఆరు గంటలు పడుతుంది, అత్తయ్యగారి కోసం మధ్యలో రెండుసార్లు ఆగండి.

కూకట్‌పల్లి అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి భోజనాలయ్యాక బాబాయ్ గారు రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. నాలుగు రైలు పెట్టెలంత అనేసరికి "అంతుంటుందా?" అన్నారు. నూనె చేతులు కడుక్కోలేదన్న చోట మళ్ళీ చదవమన్నారు. మా మామగారు ఆల్విన్‌లో ఫిట్టర్‌గా చేసేవారు, ఆయన చేతులకి ఎప్పుడూ ఆ వాసనే ఉండేదట. వస్తానన్నారు. ఇంజన్ గదికి ఆవిడ వెళ్ళగలరా బాబాయ్ గారూ?

తార్నాక, రిటైర్డ్ రైల్వే

చాలా సంతోషం తల్లీ. ఇంజన్ గది దగ్గర ఎత్తు గడపలు, ఇరుకు దారి ఉన్నాయి. పక్కన ఒకరు పట్టుకుంటే వెళ్ళొచ్చు, తొందర పడకండి, పడవ బయల్దేరి జనం పైకి వెళ్ళాక వెళ్ళండి. మరీ కష్టమైతే వెనక వైపు రెయిలింగ్ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి. చక్రం అక్కడ్నుంచి బాగా కనిపిస్తుంది. 25 అడుగుల ఎత్తు, 26 టన్నుల బరువు, ఒక్కో పలక నీళ్ళు ఎత్తి జల్లుతుంటుంది. తుంపర పడుతుంది, కళ్ళజోడు ఉంటే తీసి పెట్టుకోమనండి.