ఆమ్లో బిళ్ళకి కాళ్ళు వాచాయని అమ్మ మానేసింది, ఇప్పుడు బీపీ 172

పటమట_పిల్ల:
అందరికీ నమస్తే అండి. మా అమ్మకి 58, బీపీ వచ్చి నాలుగేళ్ళు. ఆమ్లోడిపిన్ 5 వేసుకునేది, రెండు నెలల కింద డాక్టర్ గారు 10 చేశారు. ఆ తర్వాత మూడు వారాలకి కాళ్ళ వాపులు మొదలయ్యాయి. పొద్దున లేవగానే బానే ఉంటాయి, సాయంత్రానికి పట్టీల అచ్చులు పడిపోతున్నాయి, వేలితో నొక్కితే గుంట పడి కాసేపటికి గానీ పూడట్లా. ఎదురింటి పిన్నిగారు చూసి, ఇది కిడ్నీ వాపు వదినా, బీపీ బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీలు పోతాయి అందంట. అంతే, మాకెవరికీ చెప్పకుండా పది రోజుల నుంచి మానేసింది, మొన్న డబ్బాలో షీట్లు అలాగే కనపడితే అప్పుడు అడిగా. మిషన్ పెట్టి చూస్తే 172/98. ఆవిడేమో నాకేం లేదు, తల కూడా నొప్పి లేదు అంటది. అసలు వాపు బిళ్ళ వల్లా కిడ్నీ వల్లా? అదే 10 మళ్ళీ మొదలుపెట్టొచ్చా? సూర్యారావుపేటలో అపాయింట్‌మెంట్ శనివారానికి దొరికింది.

కౌంటర్_మనిషి:
అమ్మా, నేను డాక్టర్ని కాదు, గుంటూరు కొత్తపేటలో 19 ఏళ్ళుగా మందుల షాపులో చేస్తున్నా, కాబట్టి ఆ మేరకే తీసుకోండి. ఆమ్లో 10 చేశాక వాపు రావటం మేం వారంలో ఒకళ్ళనన్నా చూస్తాం, 5 మీద తక్కువ, 10 మీద ఎక్కువ, ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఆ మందు రక్తం వచ్చే సన్న నాళాల్ని వదులు చేస్తది కానీ తిరిగి తీసుకెళ్ళే నాళాల్ని అంతగా చెయ్యదు, దాంతో నీరు బయటికి ఊరి కిందకి దిగిద్ది, అందుకే సాయంత్రానికి పాదాల్లో కనపడిద్ది. ఒళ్ళంతా నీరు పట్టటం కాదది. నీళ్ళ బిళ్ళ (మూత్రం ఎక్కువ పోయించేది) ఒకటి ఇవ్వన్నా అని వస్తారు, దానికి ఈ వాపు పెద్దగా దిగదు. మామూలుగా డాక్టర్లు డోసు తగ్గించి టెల్మిసార్టాన్ అనే ఇంకో రకం బీపీ మందు కలుపుతారు, లేదా ఆమ్లో జాతిదే అయిన సిల్నిడిపిన్‌కి మారుస్తారు.

అలాగని కిడ్నీ కాదని నేను రాసివ్వలేను, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), యూరిన్ టెస్ట్ ఒకసారి చేయించండి. పొద్దున్నే మొహం, కళ్ళ కింద ఉబ్బితే, లేదా ఒక్క కాలే వాచి నొప్పి ఉంటే అది వేరే కథ, ఆగకుండా చూపించాలి. ఇంకోటి, ఈ మందు సగం ఒంట్లోంచి పోవటానికే 30 నుంచి 50 గంటలు పట్టిద్ది, అందుకే మానేసిన మొదటి రెండు మూడు రోజులు బీపీ పెద్దగా పెరగదు, ఏం కాలేదే అనుకుంటారు. మీ అంతట మీరు 10 మొదలెట్టొద్దు, శనివారం దాకా కూర్చోవద్దు కూడా, ఇవాళే ఫోన్ చేసి ఈ 172 చెప్పండి. ఛాతీ నొప్పి, మాట తడబడటం, చెయ్యి కాలు పట్టు తప్పటం లాంటివి ఏమన్నా ఉంటే 108కి కొట్టటమే.

బ్రాడీపేట_మాష్టారు:
నా అనుభవం ఒకటి చెప్తా, మందు మందుకీ ఒక్కో వేషం. నాకు మొదట ఎనలాప్రిల్ రాశారు. పొడి దగ్గు పట్టుకుంది, రాత్రి పక్కింటి వాళ్ళు కూడా లేచేంత దగ్గు. మూడు నెలలు సిరప్‌లు తాగా, ఎక్స్‌రే తీశారు, కళ్ళె పరీక్ష కూడా చేశారు, చివరికి ఒక కుర్ర డాక్టరు, ఏం బీపీ బిళ్ళ వేస్తున్నారు మాష్టారూ అని అడిగి అది తీసేసి లోసార్టాన్ ఇచ్చాడు, రెండు వారాల్లో దగ్గు మాయం. ఆ ఎనలాప్రిల్ జాతి మందుల్లో మొదటిది క్యాప్టోప్రిల్, బ్రెజిల్ పాము విషం మీద పరిశోధనలోంచి పుట్టింది, 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. పాము పగ నా గొంతు మీద తీర్చుకుంది అంటుంటా మా ఆవిడతో.

మా బావగారిది ఇంకోటి, అటెనొలాల్ వాడేవాడు, తిరుపతి వెళ్తూ డబ్బా ఇంట్లో మర్చిపోయి మూడు రోజులు ఊరుకున్నాడు, గుండె దడదడలాడిపోయింది. అది ఉన్నట్టుండి ఆపకూడని మందు. నీళ్ళ బిళ్ళ వేసుకునే వాళ్ళు మన మే నెల ఎండల్లో చటుక్కున మంచం మీంచి లేచి నిలబడకండి, ఒంట్లో సోడియం (ఉప్పు) పడిపోయి నేనే ఒకసారి వంటింట్లో పడ్డా.

గోంగూర_ఘాటు:
అక్కా ఒక ప్రశ్న. 5 మీద బీపీ బానే ఉంటే డోసు 10 దాకా ఎందుకు ఎక్కింది? అమ్మగారు మోకాళ్ళ నొప్పులకి ఏమన్నా బిళ్ళలు వేసుకుంటున్నారా?

పటమట_పిల్ల:
అమ్మో. మీరు అడిగాక అడిగితే బయటపడింది. దసరా నుంచి రోజుకొక డైక్లోఫెనాక్, వీధి చివర షాపులో చీటీ లేకుండానే ఇస్తున్నారంట. డాక్టర్ గారికి చెప్పలేదా అంటే, అది బీపీ మందు కాదుగా, ఎందుకు చెప్పటం అంటది!

కౌంటర్_మనిషి:
దొరికింది దొంగ. డైక్లో లాంటి నొప్పి బిళ్ళలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, బీపీ ఎక్కిస్తాయి, వాపు కూడా పెంచుతాయి. దాని మీద టెల్మిసార్టాన్, నీళ్ళ బిళ్ళ కూడా కలిస్తే మూడూ కలిసి కిడ్నీని కొడతాయి. పిన్నిగారి భయం నిజమే కానీ బిళ్ళ మారిపోయింది. ఆ షీటు కూడా డాక్టర్ గారి ముందు పెట్టండి. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు అంటారు, అంటే ఒక టీ చెంచా, అందులో పచ్చళ్ళలోదీ లెక్కే. మన జిల్లాలో ఈ మాట చెప్తే కొడతారనుకోండి.

పటమట_పిల్ల:
అప్‌డేట్. డాక్టర్ గారు ఫోన్‌లోనే డైక్లో ఆపించి ఆమ్లో 5 మళ్ళీ వేయమన్నారు. శనివారం టెస్టులు చేశారు, క్రియాటినిన్ 0.9, అదీ యూరినూ రెండూ నార్మలే. ఆమ్లో 5 ఉంచి టెల్మిసార్టాన్ 40 కలిపారు, మోకాళ్ళకి పారాసిటమాల్, రెండు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ మళ్ళీ చూద్దాం అన్నారు. ఇవాళ్టికి పన్నెండు రోజులు, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే 138/86. వాపు చాలా దిగింది, పట్టీలు మళ్ళీ పెట్టుకుంది. ఆవకాయ మీద మాత్రం ఇంకా చర్చలు నడుస్తున్నాయి. ఇంకో సంగతి, అమ్మకి ఆ డైక్లో అలవాటు చేసింది ఎదురింటి పిన్నిగారేనంట, ఆవిడకీ బీపీ ఉంది. సాయంత్రం అమ్మ వెళ్తానంటోంది చెప్పటానికి.