అప్‌డేట్: కయాక్ తెడ్డు వేస్తే కుడి మణికట్టు నొప్పి, కారణం దొరికింది

కెనడాలో వాంకోవర్ ద్వీపం పక్కనున్న జాన్‌స్టన్ జలసంధిలో గైడెడ్ కయాకింగ్‌కి (గైడ్‌తో కలిసి, సన్నటి చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ) వెళ్లే ముందు, బెంగళూరులో ప్రాక్టీస్ చేస్తుంటే బొటనవేలి వైపు మణికట్టు నొప్పెడుతోంది, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్సండీ.

ఫిజియోథెరపిస్ట్ చూసి, ఎముకకేం కాలేదు, టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే నరంలాంటి పట్టీ) మీద ఒత్తిడి పడుతోందన్నారు. తెడ్డు ఎలా వేస్తానో చేసి చూపించమన్నారు. అక్కడే తేలింది. తెడ్డు రెండు చివర్ల పలకలు ఒకదానికొకటి కోణంలో తిరిగి ఉన్నాయి. దాంతో ప్రతిసారీ కుడి మణికట్టు వెనక్కి వంగుతోంది. "కోణం సున్నాకి మార్చి చూడండి" అని ఇక్కడ వచ్చిన సలహాయే సరైనది! మధ్య జాయింట్ దగ్గర బటన్ నొక్కి తిప్పితే సరిపోయింది. పట్టు వదులుగా ఉంచి, చేతులతో కాకుండా నడుము పైభాగం తిప్పుతూ తెడ్డు వేయడం కూడా చాలా సాయపడింది. నా గ్లవ్స్‌కీ, తెడ్డు బరువుకీ ఈ నొప్పితో సంబంధం లేదు.

ట్రిప్‌లో నొప్పి రాలేదు. చినూక్ సాల్మన్ చేపల కోసం వేసవిలో అక్కడికి వచ్చే ఓర్కాలను (కిల్లర్ వేల్స్) చూశాం. వాటికి కనీసం 200 మీటర్ల దూరం పాటించాలి కాబట్టి గైడ్ మమ్మల్ని ఒడ్డు దగ్గర కెల్ప్ నాచులో ఆపేశారు. అవి కనిపించకముందే ఊపిరి వదిలిన శబ్దం వినిపించింది. ఒళ్లు పులకరించింది, నిజంగా.

వెళ్లేవాళ్లు కోణం మార్చుకునే తెడ్డు ఇస్తారా అని ముందే అడగండి. వేళ్లలో తిమ్మిరి కూడా ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి.